48.5 అంటే ఎంత?

మా ఖమ్మం వైపు వాళ్ళకి మూడు అంకెలు ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదారి పొంగితే శబరి ఎగదన్ని చింతూరు వైపు దారులు మునుగుతాయి. గొడ్లని ఎప్పుడు తోలుకెళ్ళాలో, బియ్యం మూట ఎప్పుడు గుట్టెక్కించాలో అక్కడి అడవి పల్లెలు ఈ అంకెలు చూసే తేల్చుకుంటాయి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య ఆఫీసులో లాగ్ పైప్‌లైన్‌కి ఒక కన్వర్టర్ రాశాను. ప్రతి ఫీల్డునీ జేసన్ స్ట్రింగుగా మార్చి ముందుకి తోసెయ్యడమే దాని పని. ఒకే ఫీల్డు ఒక చోటినుంచి అంకెగా, ఇంకో చోటినుంచి ఆబ్జెక్టుగా, మరో చోటినుంచి ఖాళీగా వస్తుంటే స్ట్రింగే సుఖం. గోనెసంచి లాంటిది, ఏదైనా పడుతుంది.

పరీక్షించడానికి సరదాగా భద్రాచలం లెక్కలే పెట్టాను. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జులై 16న 71.3. వాటికి తోడు వేసవి మట్టం అనుకుని 9.8 అని నేనే ఒకటి కలిపాను. పెద్దదాన్నుంచి చిన్నదానికి వరస పెట్టమంటే అన్నిటికన్నా పైన 9.8 కూర్చుంది! స్ట్రింగులో పోలిక మొదటి అక్షరంతో మొదలవుతుంది కదా, 7 కన్నా 9 పెద్దది. ఎండిన గోదారి 1986 వరదని మించిపోయిందన్నమాట.

ఇది కంటికి కనపడే తప్పు కాబట్టి దొరికింది. దొరకనిది ఇంకోటుంది. కేంద్ర జలసంఘం ఇదే నీటిని సముద్ర మట్టం నుంచి మీటర్లలో చెబుతుంది. భద్రాచలం స్కేలు సున్నా సముద్ర మట్టానికి సుమారు 32.6 మీటర్ల పైన ఉంది. అందుకని 43 అడుగులంటే అక్కడ 45.72 మీటర్లు, 53 అంటే 48.77. ఇప్పుడు నా స్ట్రింగులో 48.5 అని ఉందనుకోండి. అడుగులైతే రెండో హెచ్చరిక ఇప్పుడే దాటింది. మీటర్లైతే అది 52 అడుగులు, మూడో హెచ్చరికకి ఒక్క అడుగే తక్కువ. రెండూ నమ్మదగ్గవే, ఏ వాలిడేషనూ పట్టుకోలేదు. కాగితం రిజిస్టర్లో అయితే కాలమ్ పైన అడుగులు అని రాసి ఉంటుంది. మనం అంకె తెచ్చుకున్నాం, తలకట్టు అక్కడే వదిలేశాం.

జిల్లా ఫీల్డు సంగతి మరీ చిత్రం. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలోకి వచ్చింది. 2014లో పట్నం తెలంగాణలో ఉండిపోయి, కూనవరం, చింతూరు ఆంధ్రకి వెళ్ళాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. జిల్లా "ఖమ్మం" అని వెతికితే 1986 వరద దొరుకుతుంది, 2022 వరద దొరకదు. పోనీ పాత రికార్డు దిద్దుదామా అంటే, 1986లో అది నిజంగా ఖమ్మమే!

దీనికి జేసన్‌ని తిట్టి లాభం లేదు. 2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ముందుకి తెచ్చినప్పుడూ, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4627గా వచ్చినప్పుడూ అందులో ఉన్నవి స్ట్రింగు, అంకె, ఆబ్జెక్టు, వరస, నిజం-అబద్ధం, శూన్యం. అంతే. తేదీకి రకం లేదు, కొలమానానికి అసలే లేదు. అవి రాయాల్సింది మనం. అన్నట్టు అంకెకి రకం ఉంది, దాన్ని కూడా స్ట్రింగు చేసింది నేనే.

కన్వర్టర్ మళ్ళీ రాశాను. వచ్చిన లైను వచ్చినట్టే స్ట్రింగుగా ఒక పక్కన ఉంటుంది. దాని పక్కన విలువ అంకెగా, కొలమానం, సున్నా ఎక్కడినుంచి అన్నది, చదివిన సమయం ప్లస్ 5:30తో సహా. ఊరికి మారని కోడ్ ఒకటి, జిల్లా పేరు మాత్రం ఆ రోజు రాసినట్టే.

రివ్యూలో "ఇన్ని ఫీల్డులు అవసరమా, సైజు పెరుగుతుంది కదా" అన్నారు. బోర్డు మీద 48.5 అని రాసి, ఊరు ఖాళీ చేయించాలా ఇంకాసేపు ఆగాలా చెప్పమన్నాను. "అడుగులా, మీటర్లా?" అని అడిగారు.

ఫీల్డులు ఉండిపోయాయి.