పల్లెకు సెల్‌ఫోను

మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల నడుమ జరిగెను. పిదప ఆ సౌకర్యము విశాఖపట్టణమునకును వచ్చినది. రేవుకడ వినబడు ఫోను పాడేరు కొండల మరుగున మూగవోవుట కలదు. కొండ తరంగమునకు అడ్డు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుతో విశాఖలోనే టవర్లు పనిచేయక, పట్టణవాసులకును పల్లెవాని పాటు తెలిసెను.

పూర్వము కంపెనీ మారినచో నంబరు పోయెడిది. బంధువులందరికిని క్రొత్త నంబరు తెలుపవలసి యుండెడిది. 2011 జనవరి 20 నుండి పాత నంబరుతోనే మారు హక్కు దేశమంతటను కలిగెను. కావున తొలుత కంపెనీని, పిదప ఫోనును ఎన్నుకొనుడు. ఇరుగుపొరుగువారి ఫోనులతో మీ నడిమింటను, పొలముగట్టునను మాటలాడి చూడుడు. 900 మెగాహెర్ట్సు తరంగము 2300 దానికన్న దూరము పోవును. ఆ కంపెనీ తరంగములను మీరు కొను ఫోను అందుకొనునో లేదో అడుగుడు. దుకాణదారు కెమెరానే చూపును.