డోలి కోయల వాద్యబృందం: వంశగానం నుంచి జనసంస్కృతి దాకా

రాక్‌ బృందాల వంటి ఆధునిక వాద్యబృందాల చరిత్రను రికార్డులు, కచేరీ తేదీల ఆధారంగా నిర్మించడం పరిపాటి. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులోని డోలి కోయల బృందాలకు అటువంటి లిఖిత ఆధారాలు స్వల్పం. వారి చరిత్ర వారి పాటలోనూ, వారు విప్పి చూపే పడిగెలోనూ నిక్షిప్తమై ఉంది. ఈ బృందాలు జనసంస్కృతికి అందించినదేమిటి, ఆ సంస్కృతి వీరి కళలో దేనిని స్వీకరించింది, దేనిని విస్మరించింది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

డోలీలు కోయలకు ఆశ్రిత గాయకులు. డోలు వాయిస్తూ దాతల గట్టును, ఇలవేల్పులను, పూర్వికుల వలసలను, పోరాటాలను గానం చేస్తారు. వేల్పుల కొలుపులు, జాతరలు ఇందుకు ప్రధాన సందర్భాలు. పడిగె అనగా వంశకథను బొమ్మలుగా నిలిపిన త్రికోణాకారపు గుడ్డ. బొమ్మ గాయకుని జ్ఞాపకానికి ఊతం. పాట ఆ బొమ్మకు వ్యాఖ్యానం. కనుక డోలు, గొంతు, పడిగె మూడూ కలిసినప్పుడే పాఠం సమగ్రమవుతుంది. జయధీర్‌ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషి వల్ల పడిగెల ప్రాధాన్యం విద్యాలోకం దృష్టికి వచ్చింది.

ఈ సంప్రదాయం జనసంస్కృతిని తాకిన ప్రధాన స్థలం మేడారం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. క్యాసెట్లు, ఆపైన వీడియో పాటలు ఈ కథను అడవి దాటించాయి. అయితే వాటిలో కాకతీయులతో జరిగిన పోరు, తల్లుల మహిమ ముందుకు వచ్చాయి. డోలీల గానానికి ఆయువుపట్టయిన గట్టుల సంబంధాలు, పగిడిద్దరాజు వంశక్రమం వెనుకబడ్డాయి. వ్యాప్తి పెరిగినకొద్దీ కథ కుదించుకుపోయిందన్నమాట.

గుర్తింపు విషయంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. అదే ఏడాది ఆ పురస్కారం పొందిన కిన్నెర మొగిలయ్య 'భీమ్లా నాయక్‌' పాట ద్వారా అప్పటికే జనానికి సుపరిచితులు. రామచంద్రయ్య గానానికి సినిమా ఆసరా లేదు. ఆయన కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ పాడేవారు. 2024 జూన్‌లో ఆయన మరణించారు. పురస్కారం వ్యక్తిని గౌరవించింది. కళ మాత్రం బృందానిది, దాతలతో వారికున్న పరంపరాగత బంధానిది.

ఆ బంధం భౌగోళికంగానూ చీలింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ కావడంతో ఒకే కోయ సీమ రెండు రాష్ట్రాల పాలనలోకి వెళ్లింది. రాష్ట్రాల హద్దులను బట్టి సాగే సేకరణ గట్టుల హద్దులను అనుసరించలేదు.

కావున పాటను మాత్రమే ధ్వనిముద్రణ చేయడం చాలదు. ఏ పడిగె ముందు, ఏ గట్టు వారి ఎదుట, ఏ కొలుపులో పాడారో కూడా నమోదు కావాలి. ఆ ప్రతులు డోలీల వారసులకు అందుబాటులో ఉండాలి. లేనిపక్షంలో జాతర పాట మిగులుతుంది; అది చెప్పిన చరిత్ర మిగలదు.