బందరు నుండి గండికోటకు

పెన్న నది ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పారిన చోట, కడప జిల్లా జమ్మలమడుగుకు చేరువలో గండికోట ఉన్నది. ఆ గండి వలననే కోటకా పేరు. అమెరికాలోని కొలరాడో లోయతో దీనిని పోల్చడం ఈమధ్య వాడుకైంది. అది మైలు లోతు. ఇది సుమారు మూడు వందల అడుగులు. పోలిక మాట అటుంచి, మన కృష్ణాతీరం వారికి ఈ లోయతో పాత సంబంధం ఒకటి ఉంది.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652 జూన్‌లో బందరు వదలి, బెజవాడ గుళ్లు చూసి, మద్రాసు మీదుగా గండికోట చేరేసరికి సెప్టెంబరు వచ్చింది. గుంటూరు, వినుకొండ, గిద్దలూరు, నంద్యాల, ప్రొద్దుటూరు దారిన కారులో మనకు ఒక పగటి ప్రయాణం. అంత శ్రమ ఎందుకంటే, గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన సరుకు ముందుగా సేనాని మీర్ జుమ్లా చూడాలి. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కోట అప్పటికి ఆయన వశమైంది. ఒక పక్క అగాధం, ఎక్కడానికి ఇరుకుదారి ఒక్కటే అని వర్తకుడు రాశాడు.

ఫైళ్లతో జీవితం గడిపిన మనకు నచ్చే ముచ్చట ఒకటి. మీర్ జుమ్లా డేరాలో కూర్చొని, వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ల సందున, ఎడమచేతి వేళ్ల సందున ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పేవాడట! పెండింగు అనే మాట ఆ కచేరీలో వినబడి ఉండదు. నేరస్థుల శిక్షలూ అంతే వేగంగా తేలేవి. అది మెచ్చుకోదగిన సంగతి కాదు.

ఫిరంగులు పోయడానికి ఆయన గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించాడు. ఫ్రెంచి పనివాడు మాయే ఎంత ప్రయత్నించినా గండికోట విగ్రహాలు ఆరు కరగలేదని టావెర్నియే మాట. మాధవరాయస్వామి గోపురం నేటికీ నిలిచి ఉంది. దానికి కొద్ది దూరంలోనే జామా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి.

ఇప్పుడు శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు మీదుగా కృష్ణా నీరు గండికోట జలాశయానికి వస్తోంది. సామర్థ్యం దాదాపు 27 టి.ఎం.సి. డెల్టా రైతుకు ఆ అంకె వింటే గుండె కొంచెం కలుక్కుమంటుంది, సహజమే. అయితే ఆ నీటికి చోటిచ్చి 2020లో ఇళ్లు విడిచినవారు తాళ్లప్రొద్దుటూరు ప్రజలు. వెళ్లే మిత్రులు లోయ చూసి తిరిగి రాకుండా, ఆ కట్ట వైపు కూడా వెళ్లి రావాలని నా మనవి.