మోదో పల్లె పిల్లులు

1954 ఆగస్టు 1న జపాన్‌లోని కుమమోతో పత్రికలో ఒక చిన్న వార్త వచ్చింది. మినమాతా పట్టణం కిందికి వచ్చే మోదో అనే జాలరి పల్లెలో పిల్లులన్నీ పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. ఎలుకలు విపరీతంగా పెరిగిపోయాయి, ఏదో ఒకటి చెయ్యండని పల్లెవాళ్లు పట్టణ అధికారుల దగ్గర మొరపెట్టుకున్నారు. వందకు పైగా పిల్లులు పోతే వార్తకెక్కింది ఎలుకల బెడద! నాకు పిల్లులంటే ప్రాణం. మినమాతా వ్యాధి చరిత్రను ఎప్పుడు చదివినా ఈ వార్త దగ్గర నా మనసు ఆగిపోతుంది.

పిల్లి జబ్బును దాచుకుంటుంది. మా ఇంటి పిల్లికి నలత చేస్తే అరవదు, మూలగదు. బీరువా వెనక్కి దూరి ముడుచుకుంటుంది. ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు రేగిపోతుంది. రోజూ ఎగిరి కూర్చునే కిటికీ గట్టు కింద నిలబడి పైకి చూసి వెనక్కి మళ్లుతుంది. చేపముక్క పెట్టినా వాసన చూసి తల తిప్పేసుకుంటుంది. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కొద్ది రోజుల పస్తుకే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. రోజూ తిండి పెట్టే మనిషి కంటికే ఈ తేడాలు ముందుగా ఆనుతాయి.

మోదో వాళ్లకూ అలాగే ఆనాయి. ఎలుకలు వలలు కొరికేస్తాయని అక్కడ పిల్లుల్ని సాకేవారు. అవి తినేది ఆ సముద్రపు చేపలే. 1950ల మొదట్లో ఆ పిల్లుల నడక తూలడం మొదలైంది. చొంగ కార్చేవి, వణికేవి, ఉన్నట్టుండి సుడి తిరిగి గోడలకు గుద్దుకునేవి. కొన్ని సముద్రంలో పడి చచ్చిపోయేవి. పిల్లుల నాట్యరోగం అన్నారు జనం.

కారణం మినమాతాలోని చిస్సో రసాయన కర్మాగారం. 1932 నుంచి అక్కడ ఎసిటాల్డిహైడ్ తయారయ్యేది. ఆ తయారీలో వాడే పాదరసంలో కొంత మిథైల్ పాదరసంగా మారి, మురుగునీటితో కలిసి సముద్రంలోకి పోయేది. అక్కడి నుంచి గుల్లల్లోకి, చేపల్లోకి, వాటిని తిన్నవాళ్ల మెదడులోకి చేరింది. పిల్లిది చిన్న ఒళ్లు, పూటపూటా చేపే తిండి. మనుషుల కంటే ముందే అది పడిపోయింది.

1956 ఏప్రిల్‌లో నడక, మాట తడబడుతున్న ఐదేళ్ల పాపను కర్మాగారం ఆసుపత్రిలో చేర్చారు. ఆ వెంటనే ఆమె చెల్లెలికీ అదే జబ్బు. మే 1న ఆసుపత్రి పెద్ద హొసొకవా హజిమే వైద్యబృందం స్థానిక ఆరోగ్య కేంద్రానికి దీన్ని అంతుపట్టని వ్యాధిగా తెలియజేసింది. మరుసటి ఏడు ఆ ఆరోగ్య కేంద్రం అధికారి ఇతో హసువో ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు మినమాతా అఖాతం చేపలు పెట్టి చూశాడు. అవీ అదే జబ్బున పడ్డాయి. అంటే మూడేళ్ల కిందటే పత్రికకెక్కిన పల్లె పిల్లుల జబ్బుకు అప్పుడు గానీ ఇలాంటి రుజువు దొరకలేదు. ఆ మూడేళ్లూ జనం ఆ చేపలే తిన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

హొసొకవా అంతటితో ఆగలేదు. 1959 జులైలో, 400 నంబరు వేసిన పిల్లికి కర్మాగారం మురుగునీటినే తిండిలో కలిపి రోజూ పెట్టాడు. అక్టోబరు మొదట్లో అది వణికి, సుడి తిరిగి, గోడకు గుద్దుకుంది. నిజం తేలిపోయింది. యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు, ప్రయోగాన్నీ ఆపించింది. ఆ తయారీ 1968 దాకా సాగింది. కర్మాగారం పాదరసమే ఈ వ్యాధికి కారణమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నదీ ఆ సంవత్సరమే.

బాధితులు చిస్సో మీద వేసిన దావాలో 1970లో, మరణానికి కొద్ది నెలల ముందు, హొసొకవా ఆసుపత్రి మంచం మీద నుంచే ఆ పిల్లి సంగతి న్యాయమూర్తులకు చెప్పాడు. 1973 మార్చి 20న కుమమోతో జిల్లా కోర్టు చిస్సోదే తప్పని తీర్పు చెప్పింది. 400 నంబరు పిల్లి అవయవాల నమూనాలు భద్రంగానే ఉన్నాయి. వాటిని మళ్లీ పరీక్షించిన శాస్త్రవేత్తలు 2001లో ఫలితం ప్రకటించారు: వాటి నిండా పాదరసమే.