ట్రే జారితే నష్టమెవరిది?

మే నెల, తెల్లవారుజాము నాలుగున్నర. ఎల్బీనగర్ చౌరస్తా, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటి విజయవాడ హైవే మీద వస్తే బాటసింగారం. పండ్ల మార్కెట్ గేటు ముందు డీసీఎంలు బారులు తీరి ఉన్నాయి. లోపలికి నడవండి. ముందు వాసనే తగులుతుంది: కాయల సొన, మగ్గిన రసాలు, డీజిలు, తడిసిన వరిగడ్డి. షెడ్డులోకి వెళ్లాక మాత్రం ఓ పక్కగా నిలబడండి. ఇక్కడ దారి తల మీద బరువున్నవాడిది. వెనక నుంచి ‘జరుగు, జరుగు’ అని వినిపిస్తే మీరే జరగాలి, అతను ఆగలేడు.

కొత్తపేటలో దశాబ్దాలు నడిచిన గడ్డిఅన్నారం మార్కెట్ ఇది. 2021లో దాన్ని మూసి, సరుకు దాచుకోవడానికి కట్టిన ఈ లాజిస్టిక్స్ పార్కు షెడ్లలోకి తరలించారు. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అంతకుముందు, 2020 వేసవిలో, కొన్నాళ్లు కొహెడలో పెడితే ఈదురుగాలికి తాత్కాలిక షెడ్లు కూలి జనం గాయపడ్డారు. మార్కెట్ ఎటు పోతే హమాలీలూ అటే.

కొల్లాపూర్ బండి వెనక తలుపు తెరిచారు. ప్లాస్టిక్ ట్రేలలో బేనిషాన్ కాయలు. పైనున్న కుర్రాడు ట్రేని అంచుదాకా నెడతాడు, కింద హమాలీ తువ్వాలు చుట్ట మీదికి ఎత్తుకుంటాడు. మెడ తిప్పడు, చూపంతా పదడుగుల ముందు నేల మీదే. దుకాణం ముందు దించి తిరిగొస్తూ రెండు చేతులతో మెడ వెనక ఒత్తుకుంటాడు. ఆ నాలుగడుగులే విశ్రాంతి. కూలి ట్రేకి ఇంతని. బండి రాని రోజు పైసల్లేవు.

నలభై దాటిన ఒకాయన కాలు జారింది. నేల మీద ఎవరో పారేసిన తొక్క, దాని మీద నీళ్లు. ట్రే బోర్లపడి కాయలు దొర్లాయి, కొన్ని పగిలాయి. వేలం పాట కోసం నిలబడ్డవాళ్లు ఒకసారి చూసి తలలు తిప్పుకున్నారు. గుమాస్తా పుస్తకం తెరిచాడు.

“ఏం జేస్తున్నవే? సేటు నన్నడుగుతడు. లెక్కల కట్ జేస్త.”

“కావాలని పడేసిన్నా అన్నా? నేలంత తడి ఉన్నది, జూడు.”

“అదంత నాకెందుకు?”

ఆయన మోకాలు దులుపుకుని మళ్లీ బండి దగ్గరికి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర ఒకాయన “వాని ఖర్మ” అన్నాడు, కసురుగా కూడా కాదు, వానొస్తోంది అన్నంత మామూలుగా.

ఇదే తగువు మూడో శతాబ్దంలో బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, జరిగింది. రబ్బా బర్ బర్ హనాన్ అనే యూదు పండితుడి ద్రాక్షసారా కుండను మోసే కూలీలు పగలగొట్టారు. ఆయన నష్టం కింద వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. కూలీలు రవ్ అనే పెద్ద గురువు దగ్గరికి పోయారు. బట్టలు తిరిగివ్వమన్నాడు రవ్. చట్టం ఇదేనా అని పండితుడు అడిగాడు. ఇదే, మంచివాళ్ల దారిలో నడవమని బైబిలులోని సామెతల గ్రంథం చెప్పింది కదా అన్నాడు గురువు. కూలీలు అక్కడితో ఆగలేదు. బీదవాళ్లం, పొద్దంతా పని చేశాం, ఆకలిగా ఉంది, చేతిలో ఏమీ లేదన్నారు. అయితే కూలి కూడా ఇచ్చెయ్ అన్నాడు రవ్. పండితుడు మళ్లీ అదే ప్రశ్న వేస్తే మళ్లీ అదే జవాబు. యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముడ్‌లో బావా మెత్సియా అనే భాగంలో ఉందీ కథ. నన్ను కట్టిపడేసేది రవ్ జాలి కాదు. దయ చూపించు అని ఆయన అనలేదు, చట్టమే ఇది అన్నాడు.

షెడ్డులోకి తిరిగి చూడండి. ఆరయింది, పాట మొదలైంది. ట్రేల మీద నిలబడ్డ మనిషి టన్ను ధర పాడుతుంటే రైతు వేళ్లు నలుపుకుంటున్నాడు. ధర కన్నా తరుగు ఎంత కోస్తారోనని అతని భయం. కొలత దగ్గర కోత పెట్టేవాళ్ల మీద క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలోనే బైబిలు ప్రవక్త, తెకోవ ఊరి ఆమోసు మండిపడ్డాడు. కుంచం చిన్నది చేసి, వెండి తూచే రాయి పెద్దది చేసి, తాలు గింజలు కూడా అమ్ముకునే వర్తకుల్ని పేరుపెట్టినంత పనిచేశాడు. ఆయన రాజాస్థాన ప్రవక్త కాదు. పసుల కాపరి, మేడిపండ్ల మనిషి. పండ్ల మార్కెట్‌లో ఆయనకు పరిచయం అక్కర్లేదు.

షెడ్డు చివర, చెత్త కుప్ప పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఒక వైపు మెత్తబడ్డ కాయలు ఏరుకుంటున్నారు. పరిగె ఏరుకోవడం మనకూ తెలుసు. అయితే మోషే ధర్మశాస్త్రంలో పొలం అంచులు కోయకుండా వదలడం, రాలిన కంకులు ఏరకుండా ఉండడం ఆసామి ఇష్టానికి వదిలిన పుణ్యకార్యాలు కావు. అవి బీదలకూ పరదేశికీ చెందినవే. రోజు కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలన్నదీ అందులోనిదే.

ఇక రవ్ కథ ఉన్న పుట దగ్గరికి మళ్లీ వద్దాం: 1969 మార్చి, పారిస్. విద్యార్థులు, కార్మికులు నగరాన్ని స్తంభింపజేసి ఏడాది కాలేదు. ఫ్రెంచి యూదు మేధావుల సదస్సులో విప్లవం మీద చర్చ. లిథువేనియాలో 1906లో పుట్టి, యుద్ధఖైదీగా జర్మన్ శిబిరంలో కట్టెలు కొట్టి, అయినవాళ్లను నాజీల చేతిలో పోగొట్టుకున్న తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ లెవినాస్ తాల్ముడ్ తెరిచాడు. రవ్ కథ ముగిసిన పుటలోనే మొదలయ్యే అధ్యాయం, కూలీలను కుదుర్చుకోవడం గురించి. ఊరి ఆనవాయితీ లేనిచోట పెందలాడే రమ్మనీ పొద్దుపోయేదాకా ఉండమనీ కూలీని బలవంతపెట్టకూడదు. తిండి పెట్టే ఆనవాయితీ ఉంటే పెట్టాలి. యోహానాన్ బెన్ మత్యా అనే రబ్బీ కొడుకు కూలీలకు తిండి పెడతానని ఒప్పుకొని వస్తే తండ్రి కంగారుపడ్డాడు. సొలొమోను రాజు విందు పెట్టినా నీ బాకీ తీరదురా, వాళ్లు అబ్రాహాము పిల్లలు. పనిలోకి దిగకముందే రొట్టె, పప్పు అని మాట తీసుకో పొమ్మన్నాడు.

లెవినాస్ ఇక్కడే పట్టుకున్నాడు. ఎదుటి మనిషి పట్ల నా బాకీకి అంతు లేదు, ఒప్పందం ఆ బాకీకి హద్దు గీస్తుంది. గుమాస్తా పుస్తకం మాత్రం సున్నా దగ్గర మొదలై, ఒప్పుకున్నంతే కలుపుతూ పోతుంది. 1961 నాటి లెవినాస్ పుస్తకం ‘టోటాలిటీ అండ్ ఇన్ఫినిటీ’లో విధవరాలు, అనాథ, పరదేశి పదే పదే వస్తారు, ప్రవక్తల మాటల్లోలాగే.

“వాని ఖర్మ”కు జవాబు హెర్మన్ కోహెన్ దగ్గరుంది. జర్మనీలో మార్బుర్గ్ ఆచార్యుడు, కాంట్ అనుయాయి, 1918లో పోయాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆయన చివరి పుస్తకంలో ప్రవక్తలకు ఇచ్చిన పెద్ద ఘనత ఒకటే: పేదరికాన్ని పాపానికి శిక్షగా చూడడం మానేశారు. బాధపడేవాణ్ణి చూసినప్పుడే పక్కనున్నవాడు తోటివాడవుతాడంటాడు. పుస్తకం కష్టం, నాకూ కొరుకుడు పడలేదు చాలా చోట్ల, కానీ ఈ మాట టీ కొట్టు దగ్గర కూడా పనికొస్తుంది.

ఇదంతా మనకు దూరపు సంగతేం కాదు. ఇదే హైవేలో విజయవాడ చేరి గుంటూరు మీదుగా పోతే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడి బెనే ఎఫ్రాయిం మాదిగ కుటుంబాలు తమను యూదులుగా చెప్పుకుంటాయి. ఎక్కువమందిది వ్యవసాయ కూలే.

పదకొండయింది. లెక్కలు. మేస్త్రీ మధ్యలో పడి కోతను సగానికి తెచ్చాడు. హమాలీ డబ్బులు లెక్కపెట్టుకుని ఏమీ అనలేదు.

కొహెడలో శాశ్వత మార్కెట్ కడతామంటున్నారు. హమాలీ రేట్ల మీద ఏజెంట్లు, సంఘాలు, మార్కెట్ కమిటీ ఎలాగూ కూర్చుని మాట్లాడుకుంటాయి. ఈసారి ఒప్పందంలో రెండు ముక్కలు చేర్చండి: పనిలో చెయ్యి జారి పోయిన సరుకు కూలిలో కోయరాదు, తిండి, నీళ్లు, పని గంటలు బండి తలుపు తెరవకముందే తేలాలి.