తెర, యవనిక, పరదా

హైదరాబాదు నగరమున మూసీనది కుత్తరముగా ఉస్మాన్‌గంజ్ అను వర్తకస్థానము గలదు. ఆ పేరిట నున్న గంజ్ శబ్దము పారసీకము. ధాన్యాదుల నమ్ము అంగడి యని యర్థము. తెలుగును ఉర్దూయును కలసి వినవచ్చు నట్టి వీథిలో నాటకపు వస్త్రమును జూపి పేరడిగినచో, ఒకరు తెర యందురు. వేఱొకరు పరదా యందురు. బడిలోని పండితుడు యవనిక యనును. మూడును పర్యాయపదములని విద్యార్థి వ్రాసికొనును. నిఘంటువున కింతమాత్రము చాలును, నాటకచరిత్రమునకు చాలదు. ఈ మూడును మూడు వేఱువేఱు రంగస్థలములకు చెందిన మాటలు.

మొదటిది యవనిక. భరతుడు నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయమున మనుష్యులకు 64 హస్తముల నిడివియు 32 హస్తముల వెడల్పును గల నాట్యగృహమును విధించెను. అందు రంగమునకు వెనుక నేపథ్యగృహమును, దానికి రెండు ద్వారములును గలవు. యవనిక రంగనేపథ్యములకు నడిమిది. అనగా పాత్రల వెనుక నుండునదే కాని ప్రేక్షకుల యెదుట రంగమును మూయునది కాదు. కావుననే సంస్కృతనాటకములలో అంకాంతమునందు అందఱును నిష్క్రమించిరను సూచన తప్పక యుండును. ముందు తెరయే యున్నచో ఆ నియమముతో పనిలేదు. పాత్ర సంభ్రమముతో తెరను తొలగద్రోసికొని వచ్చుటకు అపటీక్షేప మని పేరు. షేక్స్‌పియరు కాలపు లండను బహిరంగ నాటకశాలలయందును ముందు తెర లేదు; హామ్లెట్టు తుదను శవములను మోసికొనిపోవుటకు ఇదియు నొక కారణము. యవనశబ్దమును బట్టి యవనిక గ్రీకుల యెరవని కొందఱు వాదించిరి. గ్రీకునాటకమున ఇట్టి తెర యుండినట్లు ఆధారము లేనందున, ఆ వాదము నిలువదు.

రెండవది తెర. మన వీథినాటకమునకు గృహము లేదు, నేపథ్యద్వారములును లేవు. ఇరువురు మనుష్యులు తెరచీరను చెఱియొక కొనను పట్టి నిలుతురు. దాని మాటున వచ్చిన పాత్రము ప్రవేశదరువుతో తన్ను తాను ఎఱిగించుకొనును. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తన జడను తెరపై వేయుట ప్రసిద్ధము. ఈ తెర రంగమును మూయదు, దాని వెనుక గోడయు లేదు. ఒక్క పాత్రమును ఒక్క క్షణము దాచి చూపుటయే దాని పని. తోలుబొమ్మలాటలో తెర కింకొక ధర్మము గలదు: వెనుకనుండి వెలుగు పడగా బొమ్మ దానిమీదనే కనబడును.

మూడవది పరదా. బొంబాయి పారసీ నాటకసమాజములు 1853 మొదలు ఆంగ్లేయుల పద్ధతి ననుసరించి, రంగమునకు చట్రమును, దాని ముందు చిత్రించిన పరదాను ఏర్పఱచెను. అందలి విక్టోరియా మండలి 1872లో హైదరాబాదునకు వచ్చెను. తెలుగువారిలో ఈ చిత్రపటముల నాటకమును ఊరూర జూపినవారు సురభివారు. వీరు తోలుబొమ్మలాట కుటుంబములవారే. 1885లో కడపజిల్లా సురభిగ్రామమున కీచకవధ నాడి వనారస గోవిందరావుగారు ఆ సమాజమునకు ఆద్యులైరి. బొమ్మల ముందు నుండు వెలుగుతెరనుండి మనుష్యుల వెనుక నుండు చిత్రపుతెరకు ఒకే వంశము నడచి వచ్చెననుట మన చరిత్రలో స్మరింపదగినది.

ఈ భేదము తెలియనిచో కలుగు నష్టమేమన: శాకుంతలమును చదువు బాలుడు అంకాంతమున తెర పడెనని తలంచును, నిష్క్రమణసూచన వానికి వ్యర్థమై తోచును. భామాకలాపమును చదువునపుడు తెరచీర పట్టినవారిని మఱచును. "తెరచాటు" అను పలుకుబడి మూడు రంగములకును ఒప్పును. కాని నాటకము ముగిసెనను నర్థమున "తెర దించుట" చట్రపురంగము వచ్చిన తరువాతనే పుట్టదగినది. ఇట్లు పలుకుబడియే తన కాలమును చెప్పును.

కావున పాఠశాలలలో నాట్యపరిభాషను బోధించు పండితులు మాటకు మాట నర్థముగా వ్రాయింపక, తెర యెచ్చట నుండెను, ఎవరు పట్టిరి, ఎవరిని దాచెను అను మూడు ప్రశ్నలను విద్యార్థుల నడుగుదురు గాక. ఉత్తరములు వేఱైనచోట పదార్థములును వేఱని వారే గ్రహింతురు.