నీలిశిఖ



కొండపైఁ బొగను జూచి, అచట నిప్పు గలదని నిర్ణయించుట తర్కశాస్త్రము నారంభించిన బాలునకు గురువు మొట్టమొదట చెప్పు నుదాహరణము. కంటికిఁ గనఁబడునది పొగ, కనఁబడనిది నిప్పు. ఆ రెంటికిఁ గల సంబంధమును ముందే యెఱిఁగినవాఁడు గాని యీ నిర్ణయమునకు రాఁజాలఁడు. మా బసంత్‌నగరునకు సమీపమున, గోదావరిఖని బొగ్గుబావులలో దిగువారికిది పుస్తకపు పాఠము గాదు. ప్రాణములు నిలుపుకొను విద్య.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడగు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. గోదావరిఖనిలోఁ ద్రవ్వకము మొదలగునప్పటికి 1960 ప్రాంతము. గనుల తర్కము మాత్రము అంతకు మిక్కిలి పూర్వమే పుట్టినది.

ఇంగ్లండునందలి ఫెల్లింగ్ గనిలో 1812లో ప్రేలుడు సంభవించి 92 మంది మృతులైరి. 1815లో హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుఁడు మంటచుట్టును సన్నని తీగవల నమర్చి యొక దీపమును జేసెను. బొగ్గునుండి మీథేను అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వఱకు నున్నచో నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును. తీగవల మంట వేఁడిమిని హరించి, వెలుపలి వాయువు నంటుకొననీయదు. అంతియే కాదు, వత్తిని తగ్గించినచో మంటపై టోపివంటి నీలిశిఖ యొకటి యేర్పడును. వాయువు హెచ్చినకొలఁది టోపి యెత్తగును. ఈ వాయువు గాలికంటెఁ దేలిక గావున పైకప్పు నంటియుండును. అందువలన సర్దారు దీపమును మెల్లగా కప్పుకడ కెత్తి, శిఖను జూచి లెక్కగట్టెడివాఁడు. పొగకు బదులు నీలిశిఖ, అంతియే భేదము.

కప్పు విషయమునఁ గంటికంటెఁ జెవి ప్రధానము. కఱ్ఱతోఁ దట్టినప్పుడు గట్టిరాయి ఖంగున మ్రోఁగును; పొర విడిన రాయి డొల్లగాఁ బలుకును. కొయ్యస్తంభము విఱుగుటకు ముందు చిటపటలాడి హెచ్చరించును. ఇనుపస్తంభముకంటె దానినే నమ్మిన వృద్ధకార్మికులు పెక్కుదేశములలో నుండిరి.

పిమ్మట యంత్రములు వచ్చినవి. వానిలో నొక చిన్నపూస వేఁడిగా నుండును. మీథేను దానిపై దహించినప్పుడు వేఁడిమి హెచ్చి, తీగలోని విద్యుత్తు గతి మాఱును. ఆ మార్పును యంత్రము అంకెగాఁ జూపును. నూటికి 1.25 పాళ్లు మించినచో విద్యుత్తు నాపవలెనని మన దేశపు నిబంధన. ఆ మేర దాటినంతనే యంత్రమే విద్యుత్తును ద్రుంచునట్లు కూడ నమర్పవచ్చును. దానికి అలసట లేదు. ఉత్పత్తి తగ్గునని పైయధికారికి జంకదు. ఈ గుణమును నేను తక్కువగా నెంచను. కన్నులారఁ జూచియు పని యాపుఁడని చెప్పుటకు నోరురానివారు ఏ వృత్తియందైన నుందురు గదా!

అయినను ఆ 1.25 యంత్రము కనిపెట్టినది గాదు. పరీక్షించినవారు చెప్పఁగా, యంత్రము గైకొన్నది. తర్కపు భాషలో నది ఆప్తవాక్యము. మఱియు మంచును జూచి పొగ యనుకొనుట హేత్వాభాసము. యంత్రమునకును అట్టి భ్రాంతి కలదు. పూసపై దహనము జరుగుటకుఁ బ్రాణవాయువు కావలెను. మీథేను మితిమీఱి ప్రాణవాయువు తగ్గినచోట దహనము మందగించి, యంత్రము చిన్న అంకెనే చూపవచ్చును. ఇది తెలిసినవాఁడు, అంకె గిరుక్కున నెక్కి మరల దిగుటను గమనించి వెనుకకు మఱలును. తెలియనివాఁడు తుది అంకెను నమ్మి ముందునకుఁ బోవును.

ఇఁక నీరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది మృతులైరి. పాత త్రవ్వకములలో నిలిచిన నీటిని శిఖయుఁ జూపదు, పూసయుఁ జూపదు, పటమే యాధారము. అట్టి నీటికి 60 మీటర్ల లోపల అనుమతి లేక త్రవ్వరాదని శాసనము. పటము తప్పినచో 60 మీటర్ల లెక్కయుఁ దప్పును. కావున నట్టిచోట ముందుగా సన్నని బెజ్జము వేసి, దానినుండి నీరు వచ్చునా యని కాచియుందురు.